కాశమ్మ పోసిన నీళ్ళు

సముద్రం నడుమ దీవుల్లో, డాలీగంజ్‌లో తాతబ్బాయి ఇంటి పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉంది. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, దిగితే మోకాలు మునిగేంత లోతు. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలతో, ఇంకో వారం ఆగితే గడ్డకట్టిపోతుందన్న సిమెంటుతో, సూరయ్య మేస్త్రి ఒక్క పూటలో కట్టేశాడు దాన్ని. బట్టలు నానబెట్టుకోవడానికని తాతబ్బాయి భార్య చిన్నమ్మి పోరి కట్టించుకుంది. తీరా కట్టించాక, మేనత్తను చూడ్డానికి భీమిలి దగ్గర పల్లెకు వెళ్ళి, తిరుగు ఓడలో ఆ ఊరి చెరువులోని రెండు నల్లకలువ దుంపలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. సముద్రం మీద ఉన్న మూడు రోజులూ పూటకోసారి ఆ గుడ్డ తడిపిందట. ఆనాటి నుంచి బట్టలు బకెట్లోనే నానాయి.

నల్లకలువ అంటారే గాని ఆ పువ్వులో నలుపు లేదు. లేత నీలం, మధ్యలో పసుపు. ఎండ తగిలాక తీరిగ్గా విప్పుకుని, మధ్యాహ్నం మూడింటికల్లా ముడుచుకునేది. "మీ ఆఫీసులో పని చెయ్యాల్సిన పువ్వండీ ఇది. తొమ్మిదిన్నరకి వస్తాది, మూడింటికి సర్దేసుకుంటాది" అనేది చిన్నమ్మి. ఓడ టిక్కెట్ల కౌంటరు వెనక ముప్పై రెండేళ్ళు కూర్చున్న తాతబ్బాయి ఆ మాటకు ఉడుక్కునేవాడు కాదు. తనను ఆటపట్టించడానికి భార్య రోజూ కొత్త మాట వెతుక్కోవడమే ఆయనకు ముచ్చటగా ఉండేది.

చిన్నమ్మి పోయి రెండేళ్ళు దాటింది. మొదటి ఏడు తొట్టి ఎప్పటిలాగే పూసింది. రెండో ఏడు వానాకాలం మొత్తానికి ఏడంటే ఏడు పూలు. ఆకులు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కి, పరుచుకునే చోటు లేక, నీళ్ళలోంచి నిటారుగా లేచి నిలబడ్డాయి. తాతబ్బాయి కాలేజీలో బోటనీ చదివాడు. ఆకులు అలా నిలబడ్డాయంటే తొట్టి అడుగున నీళ్ళలో దించిన కుండీలో వేళ్ళకు చోటు చాలడం లేదని ఆయనకు తెలుసు. చిన్నమ్మి బోటనీ చదవకుండానే ఆ సంగతి కనిపెట్టింది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో, మొక్క బద్ధకంగా ఉండే రోజుల్లో, కుండీ పైకి తీయించి, దుబ్బు విడదీసి, ముదిరిపోయినదంతా పారేసి, గట్టి దుంపల్ని ఏరి కొత్త బంకమట్టిలో పాతేది.

పోయిన మాఘంలో ఆ పని జరగాల్సింది. నడుం నొప్పి అన్నాడు తాతబ్బాయి. అడిగిన వాళ్ళందరికీ అదే చెప్పాడు. అసలు సంగతి వేరు. ఆ కుండీలో మట్టిని ఆఖరుసారి అదిమింది చిన్నమ్మి. మట్టి తేలిపోకుండా మీద గులకరాళ్ళు పేర్చింది కూడా ఆవిడే. వాటిని కదపడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

ఈ ఏడు ఫిబ్రవరి సగం గడిచేసరికి ఆకుల అంచులు పసుపు తిరిగాయి. ఇంకో ఏడు వదిలేస్తే ఈ కలువ ఉండదని తాతబ్బాయికి అర్థమైంది. పోతే మళ్ళీ తెచ్చుకుందామనడానికి ఆ పల్లెలో ఇప్పుడు చెరువు లేదు. పూడ్చి ప్లాట్లు వేసేశారు. చిన్నమ్మి తెచ్చిన కలువ ఈ లోకంలో ఇంకా ఎక్కడైనా ఉందంటే అది ఈ తొట్టిలోనే. శివరాత్రి వెళ్ళిన మర్నాడు ఏదేమైనా సరే కుండీ తీసెయ్యాలని నిశ్చయించుకున్నాడు.

సరిగ్గా ఆ రోజే రంగత్ నుంచి కూతురు స్వాతి ఫోన్ చేసింది.

"నాన్నా, చిన్నికి చికెన్‌పాక్స్. ఒళ్ళంతా పోసింది. మీ అల్లుడు షిప్ మీదున్నాడు. నాకు స్కూల్లో బోర్డు పరీక్షల డ్యూటీ, ఛుట్టీ అడిగితే ప్రిన్సిపల్ మొహం చూడలేం. నువ్వొస్తావా?"

"నీ చిన్నప్పుడు నీతోపాటే నాకూ పోసింది. నాకింకేం భయం? రేపు పొద్దున్న బస్సుకి వచ్చేస్తాను."

కుండీ మళ్ళీ ఆగిపోయింది.

పది పన్నెండు రోజులు తొట్టిని ఎవరికైనా అప్పజెప్పాలి. అలా అడగడానికి ఆయనకున్న మనిషి ఒక్కతే, చిన్నమ్మి అక్క కాశమ్మ. బతు బస్తీలో కొడుకు మోహన్‌కృష్ణ దగ్గర ఉంటుంది. డెబ్బై ఏళ్ళు. ముప్పై ఏళ్ళు చేపల బజారులో గంప ముందు కూర్చుని, బెంగాలీ వాళ్ళతో హిందీలో, తమిళం వాళ్ళతో హిందీలో, తెలుగు వాళ్ళతోనూ సగం హిందీలోనే బేరమాడిన మనిషి. కొడుకు కాంట్రాక్టుల్లో పైకొచ్చి మేడ కట్టాక బజారు మానేసింది గాని గొంతు మాత్రం బజారు గొంతే. "మరిదీ!" అని వీధి మొదట్లో పిలిస్తే పెరట్లో తాతబ్బాయి చేతిలో చెంబు కదులుతుంది.

"ఏటి మరిదీ, పువ్వుల తొట్టికి నన్ను చౌకీదారుని సేత్తన్నావట?" అంటూ వచ్చిందా సాయంత్రం.

"చౌకీదారువి కాదు వదినా, మేనేజరువి."

"మేనేజరుకి కురిసీ ఏదీ?"

తాతబ్బాయి లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి తొట్టి పక్కన వేశాడు. కాశమ్మ కూర్చుంది. ఆయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఎండకు రోజూ రెండు వేళ్ళ మందం నీళ్ళు తగ్గుతాయి. తగ్గినంత పోస్తే చాలు. కుళాయి నీళ్ళలో మందు వాసన ఉంటుంది కాబట్టి నేరుగా పోయకూడదు. డ్రమ్ములో పట్టి ఒక రోజు ఉంచి పోయాలి. పసుపు తిరిగిన ఆకు కనిపిస్తే కాడ మొదలంటా గిల్లి బయట పడెయ్యాలి. ఏదీ నీళ్ళలో కుళ్ళకూడదు. దోమలు గుడ్లు పెట్టకుండా గప్పీ చేపలున్నాయి, వాటికి వేరే తిండి అక్కర్లేదు.

"ఒలమ్మో! నా కోడలి పురుటికి కూడా డాక్టరమ్మ ఇన్ని పత్యాలు సెప్పలేదు."

"నీకు కష్టమైతే చెప్పు వదినా..."

"కట్టమేటి? నా సెల్లి మొక్కకి నీల్లు పొయ్యడం నాకు నేర్పుతావేటి? నా గుమ్మం కాడ కరేపాకు సెట్టు సూసావా? మేడ దాటిపోనాది. నువ్వు నిమ్మలంగా ఎల్లు. పిల్లకి ఏపాకు నీల్లు మరిసిపోకు."

కరివేపాకు చెట్టు పేరెత్తినప్పుడే ఆ చెట్టుకు ఏం పోస్తావని ఆయన అడిగి ఉండాల్సింది. కానీ మనసు అప్పటికే రంగత్ బస్సెక్కేసింది.

రంగత్‌లో పన్నెండు రోజులు గడిచాయి. నాలుగేళ్ళ మనవరాలు చిన్ని తన ఒంటి మీద పొక్కుల్ని వరసగా చూపించి, ఏది పెద్దది, ఏది దానికి చెల్లెలు అని తాతకు పరిచయం చేసేది. గోక్కోకుండా ఉండడానికి ఆయన దాని రెండు చేతులూ పట్టుకుని గంటలకొద్దీ చప్పట్ల ఆట ఆడేవాడు. సాయంత్రం కాగానే కాశమ్మకు ఫోన్.

"వదినా, నీళ్ళు పోశావా?"

"పోసాను బాబూ, పోసాను. ఒక్క పూట మానితే ఒట్టు. నీ తొట్టి నిండు సూలాల్లాగుంది."

"కుళాయి వస్తోందా?"

"మూడు దినాలకోపాలి. అదీ ముప్పావు గంట. మీ వీదిలో ఆడోల్లు బకెట్ల కాడ కొట్టుకుంటన్నారు. అయ్యన్నీ నీకెందుకు, పిల్లని సూసుకో."

ఆ మాటతో ఆయనకు గుండె నిండిపోయేది. ఇంత నీళ్ళ కరువులో, ఈ వయసులో, ఒక్క పూట మానకుండా పోస్తోందంటే మాటలా?

తిరిగొచ్చిన రోజు గేటు గడియ తీస్తుండగానే వాసన తగిలింది. బజారు మూసేశాక చేపల గట్టు మీద మిగిలే వాసన. పక్కింటి కిరాణా కొట్టు ధనరాజు గోడ మీంచి తల పెట్టాడు.

"ఆ గయే అంకుల్? రోజూ ఫోన్ చేద్దామనుకున్నా. కానీ ఆంటీతో కౌన్ బోలేగా? ఒకసారి నోరు తెరిచాను, వాళ్ళ సెల్లి మొక్క సంగతి నాకెందుకంది."

తాతబ్బాయి సంచీ మెట్టు మీద పెట్టి పెరట్లోకి వెళ్ళాడు. తొట్టి అంచుదాకా నిండుగా ఉంది. నీళ్ళ మీద బూడిదరంగు తెట్టె, దాని మీద నూనె మెరుపు. గట్టు పొడవునా అతుక్కుని ఎండిన పొలుసులు ఎండకు తళతళమంటున్నాయి. గప్పీ చేపలు ఒక మూల తెల్లగా తేలి ఉన్నాయి. కలువ ఆకులు ఉడకబెట్టినట్టు మెత్తబడి నీళ్ళకు అంటుకుపోయాయి.

కుర్చీలో కాశమ్మ కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచి, కొత్త కోక కట్టుకున్న పిల్లలా నవ్వింది.

"సూసావా! ఒక్క అంగుళం తగ్గనిచ్చానా? పెతి దినం ఇంటి కాడ నుంచి రెండు డబ్బాలు మోసుకొచ్చాను. ఆటోవోడు వాసనని ఎక్కించుకోనంటే, నీకు ఇదే డబ్బాతో అబిసేకం సేత్తానని బెదిరించాను."

"ఏం పోశావు వదినా?"

"సేపలు కడిగిన నీల్లు. అయ్యి సాలకపోతే బియ్యం కడిగినియ్యి. తాగడానికే జనం ఏడుత్తుంటే పువ్వుల్లో మంచినీల్లు ఒంపితే పాపం కాదేటి? ఇయ్యయితే మొక్కకి బలం. నా కరేపాకు తాగేది ఇదే."

దీవుల్లో ఏ ఇంట్లో చూసినా అంతే. చేపలు కడిగిన నీసు నీళ్ళు మురుగులో పోయరు. మునగ చెట్టుకో, కరివేపాకుకో, గులాబీ మొక్కకో పోస్తారు. చిన్నమ్మి కూడా పోసేది. కానీ నేల పీల్చుకుంటుంది. పారే దారి లేని తొట్టి ఎక్కడ పీల్చుకుంటుంది? అదంతా ఆయన నోటి దాకా వచ్చింది. ఒంగి ఒక ఆకు పట్టుకున్నాడు. లాగకుండానే కాడ ఊడి చేతిలోకి వచ్చింది. కాడ చివర నల్లగా, జిగురుగా ఉంది.

తాతబ్బాయి తిట్టే మనిషి కాదు. జీవితమంతా కేకల మధ్య బతికిన కాశమ్మకు ఆ నిశ్శబ్దం అర్థం కాలేదు.

"మూడు దినాలుంటాది వాసన. ఎరువన్నాక వాసన రాదేటి?"

ఆయన ఆ కాడను వేళ్ళతో నలిపి చూశాడు.

"ఏటైనాది? మాటాడు మరిదీ." ఆమె దగ్గరికొచ్చి ఆయన చేతిలో కాడ చూసింది. గొంతు మారిపోయింది. "సచ్చిపోనాదా?"

"తెలీదు" అన్నాడు తాతబ్బాయి. ఆ మాట ఆమె మొహం చూడకుండా అన్నాడు.

కాశమ్మ రెండు డబ్బాలూ తీసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. వీధి చివర ఆటోవాడితో బేరం వినిపిస్తుందేమోనని ఆయన చెవులు రిక్కించాడు. ఏ మాటా వినిపించలేదు.

మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ మర్నాడు మోహన్‌కృష్ణే చేశాడు.

"చిన్నాన్నా, అమ్మకి ఏమైంది? ఇంట్లోకి చేప తేవద్దంటోంది. నిన్న సురమయి చేప తెస్తే గేటు దగ్గరే ఆపేసి పక్కింటికి ఇచ్చేసింది. తబియత్ ఖరాబ్ అనుకుని డాక్టర్ దగ్గరికి పదమంటే నన్ను తిట్టింది."

ముప్పై ఏళ్ళు చేపలమ్మి, ఆ చేపలతోనే పిల్లల్ని పెంచిన మనిషి చేపను గుమ్మం దాటనివ్వడం లేదంటే, తన "తెలీదు" ఆమెకు ఎక్కడ తగిలిందో తాతబ్బాయికి అర్థమైంది. చెల్లెలి మొక్కను తన చేత్తో చంపేశాననుకుంటోంది. కాదని చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ముందు కుండీ తియ్యాలి. బతికిందేదైనా ఉంటే చూడాలి. లేకపోతే ఏ మొహం పెట్టుకుని బతు బస్తీ వెళ్ళడం?

ఆ పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, బకెట్‌తో తొట్టి తోడడం మొదలుపెట్టాడు. తోడిన నీళ్ళు కొబ్బరి మొదట్లో పోశాడు. చెట్టుకు పండగే. తొట్టి అడుగు కనిపించేసరికి పదకొండయింది. కుండీ ఒక్కడివల్ల లేచేది కాదు. తొట్టిలోనే కూర్చుని చిన్నమ్మి పేర్చిన గులకరాళ్ళు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టాడు. ఏడాది పాటు భయపడినంత కష్టం కాలేదు. రాళ్ళు రాళ్ళే.

తర్వాత మట్టి. చేతులు పెట్టి విడదీస్తుంటే పై వేళ్ళన్నీ మెత్తగా ఊడి వచ్చాయి. అది నీసు నీళ్ళ పనే, సందేహం లేదు. కానీ ఇంకా లోపలికి, కుండీ నట్టనడుమకు చెయ్యి పోయేసరికి వేళ్ళు ఒకదానిలో ఒకటి చిక్కుకుని తాడులా పేనుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య పాత దుంప నల్లగా, గుల్లగా, పట్టుకుంటే పొడిగా రాలిపోతోంది. తాతబ్బాయి ఆ ముక్కను వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. ఇది పన్నెండు రోజుల్లో వచ్చిన కుళ్ళు కాదు. చోటు లేక, ఊపిరాడక, ఏడాదిగా లోలోపల చస్తూ వచ్చిన దుంప అది.

అంటే తను రంగత్ వెళ్ళకపోయినా, కాశమ్మ చుక్క నీరు పోయకపోయినా, ఇది పోయేదే.

తప్పు తనదని తెలిస్తే మనిషికి బరువెక్కాలి. ఆయనకు ఎందుకో ఛాతీ మీంచి ఏదో దిగినట్టయింది.

పాత దుంప చుట్టూ, కుండీ అంచుల్లో, వక్కకాయంత పిల్ల దుంపలు దొరికాయి. ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూశాడు. మెత్తన. మెత్తన. ఇదీ మెత్తన. పద్నాలుగు నొక్కితే అయిదు గట్టిగా నిలిచాయి. వాటి మీద బురద కడగాలి. కుళాయి వచ్చేది మర్నాడు. డ్రమ్ము అడుగంటింది. కూజాలో తాగే నీళ్ళు తెద్దామని లేవబోతుంటే గోడ మీంచి తాడు కట్టిన బకెట్ ఒకటి మెల్లగా దిగింది. సగానికి పైగా నీళ్ళున్నాయి.

"లే లో అంకుల్" అన్నాడు అవతల్నించి ధనరాజు. "మా ఆవిడకి చెప్పకు. గిన్నెలు కడగాలని దాచుకుంది."

మధ్యాహ్నం స్నానం చేసి, స్టీలు డబ్బాలో తడి ఇసుక పోసి, అయిదు దుంపలూ అందులో పెట్టుకుని తాతబ్బాయి బతు బస్తీ వెళ్ళాడు.

కాశమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆయన్ని చూసి లేచింది గాని నవ్వలేదు.

"మోహన్ లేడు. సైటుకెల్లాడు."

"మోహన్ కోసం రాలేదు."

"కూసో. కోడలికి సెప్పి టీ పెట్టిత్తాను."

ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని ఇంత మర్యాదగా పలకరించడం అదే మొదలు. తాతబ్బాయికి ఆ మర్యాద ముల్లులా గుచ్చుకుంది. గచ్చు మీద ఆమె ఎదురుగానే చతికిలబడి డబ్బా మూత తీశాడు.

"ఏటియి?"

"దుంపలు. అయిదు బతికాయి."

కాశమ్మ చెయ్యి ముందుకొచ్చి, నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది. "నాకు సూపించకు బాబూ. నా సెయ్యి మంచిది కాదు. అది మూడు దినాలు ఓడలో తడిపి తడిపి తెచ్చింది. నేను పన్నెండు దినాల్లో సంపేసాను."

"నువ్వు చంపలేదు వదినా."

"నన్ను ఓదార్చకు. నీ మొగం సూసాను కదా ఆ దినం."

"ఓదార్చడం కాదు. విను. నీ నీళ్ళు ఆకుల్ని చంపాయి. నిజమే. పై వేళ్ళనీ చంపాయి. కానీ నడుమ దుంప ఏడాది కిందటి నుంచే కుళ్ళుతోంది. ఇవాళ తవ్వి కళ్ళారా చూశాను. పోయిన మాఘంలో విడదీయాలి. నేను విడదీయలేదు. దాన్ని చంపింది నేను."

కాశమ్మ చింతపండు పక్కన పెట్టింది. "నడుం నొప్పన్నావు కదా?"

"అబద్ధం."

"మరేటి?"

లోపల కోడలు గిన్నెల చప్పుడు ఆపి వింటున్నట్టుంది.

"తను సర్దిన మట్టి కదా వదినా. కదపలేకపోయాను."

కాశమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే కేకలేసింది.

"పిచ్చిమాలోకమా! అదే ఉంటే నిన్ను సీపురు తిరగేసి కొట్టును. మొక్కని సూడవయ్యా అంటే మట్టిని సూసుకుంటా కూకున్నావా? మట్టి పువ్వులు పూత్తాదేటి?"

రెండు రోజుల తర్వాత మళ్ళీ ఆ బజారు గొంతు వింటుంటే తాతబ్బాయికి నవ్వొచ్చింది. ఆయన నవ్వు చూసి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. లోపల గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

"మూడు నీ దగ్గర ఉంచు. రెండు నేనుంచుకుంటాను. వానలు పడేదాకా" అన్నాడు.

"నాకొద్దు. మల్లీ ఏదో ఒకటి పోసేత్తాను."

"రెండు చోట్ల ఉంటే ఒక చోట పోయినా ఇంకో చోట మిగులుతాయి."

"అంటే నా కాడ పోతాయనే కదా?"

"నా దగ్గరే పోవచ్చు. నా సంగతి ఇప్పుడే చెప్పాను కదా."

కాశమ్మ ఇంకా చెయ్యి చాపలేదు. తాతబ్బాయి మూడు దుంపలు తీసి, గచ్చు మీద ఆమె ముందు వరసగా పెట్టాడు. పెట్టి చేతులు వెనక్కి తీసేసుకున్నాడు. అవి అలా ఆరిపోకూడదని ఆమెకూ తెలుసు. కొంతసేపు ఓర్చుకుంది. తర్వాత గబుక్కున మూడింటినీ గుప్పిట్లోకి తీసుకుంది.

"ఏ నీల్లు?"

"మంచినీళ్ళు. ఇసుక తడిగా ఉండాలి, కారకూడదు. నీడలో పెట్టు. రోజుకొక గుక్కెడు."

"గుక్కెడేనా?"

"గుక్కెడే."

"పాపం, ఆకలికి సచ్చిపోతాయేమో."

"నిద్రపోతున్నాయి వదినా. నిద్రలో ఎవరూ అన్నం అడగరు."

ఏప్రిల్ అంతా ఎండ మండిపోయింది. కుళాయి నాలుగు రోజులకోసారికి దిగింది. తాతబ్బాయి తొట్టిని కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది, ఎండలో వారం రోజులు ఆరబెట్టాడు. ఇప్పుడు ఫోన్లు అటు నుంచి వచ్చేవి. ఇసుక మీద తెల్లగా ఏదో ఉంది, అది ఉప్పా బూజా? కోడలు డబ్బా జరిపింది, దుంపలకు దెబ్బ తగిలి ఉంటుందా? చేప వండిన చేత్తో డబ్బా ముట్టుకోవచ్చా? చివరి ప్రశ్న విన్నప్పుడు తాతబ్బాయి ఫోన్ పక్కన పెట్టి తృప్తిగా నవ్వుకున్నాడు. ఆ ఇంట్లోకి చేప మళ్ళీ వస్తోందన్నమాట.

ఆయన దగ్గరున్న రెండింటిలో ఒకటి నెల తిరక్కుండానే మెత్తబడింది. రెండోది గట్టిగానే ఉంది గాని రాయిలా పడుకుంది.

మే మూడో వారంలో నైరుతి మబ్బులు దిగాయి. రెండు రోజుల వానకు చూరు నీళ్ళతో తొట్టి ముప్పాతిక నిండింది. మూడో రోజు వాన తెరిపిచ్చిన వేళ వీధి మొదట్లో "మరిదీ!" అన్న కేక వినిపించింది. తాతబ్బాయి గేటు దగ్గరికి పరిగెత్తాడు. కాశమ్మ ఆటోలోంచి దిగలేదు. ఒళ్ళో డబ్బా రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది.

"రెండు పోనాయి. ముందే సెప్తన్నాను, తరవాత మొగం అటేపు పెట్టకు."

"మూడోది?"

ఆమె మూత తీసింది. తడి ఇసుకలోంచి సూదంత మొలక. ఎర్రటి గోధుమ రంగు. దాని చివర గోరంత ఆకు, ఇంకా విప్పుకోకుండా చుట్ట చుట్టుకుని ఉంది.

"నాలుగు దినాలైనాది లేచి. దిట్టి తగులుతాదని సెప్పలేదు" అంది గుసగుసగా. ఆమె గుసగుస ఆటోవాడికి కూడా వినబడి, వాడూ వెనక్కి తిరిగి చూశాడు.

పెరట్లో కొత్త కుండీ, కొత్త బంకమట్టి సిద్ధంగా ఉన్నాయి. కాశమ్మ మట్టిని వేళ్ళతో నలిపి చూసింది.

"దీంట్లో కాస్త..."

"వద్దు."

"అడిగానంతే. అడగడానికి కూడా లేదేటి?"

"నాలుగు ఆకులు పరుచుకున్నాక ఎరువు నువ్వే పెడుదువుగాని. కొట్లో అమ్మే ఎరువు. అంతవరకూ ఏమీ వద్దు."

తాతబ్బాయి తన దగ్గరి రాయిలాంటి దుంపను కుండీలో ఒక మూల పాతాడు. లేస్తే లేస్తుంది. మొలకెత్తినదాన్ని ఆయన ముట్టుకోలేదు.

"నువ్వు పెట్టు వదినా. సగం మట్టిలో, మొలక పైకి."

కాశమ్మ ఆయన మొహం చూసింది. కొంగు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పసిపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు దుంపను దించింది. చుట్టూ మట్టి అదిమి, గులకరాళ్ళు పేర్చింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని కుండీని తొట్టిలోకి దించి, అడుగున వరసలుగా పేర్చిన ఇటుకల మీద కూర్చోబెట్టారు. బురద కాస్త లేచి మెల్లగా సర్దుకుంది. నీళ్ళ కింద ఎర్రటి మొలక కనిపించింది.

"ఎంత లోతుండాలి?"

"మొలక మీద బెత్తెడు నీళ్ళుంటే చాలు. ఆకు పెద్దదయ్యేకొద్దీ కిందికి దింపుకుంటూ పోదాం."

"నా బెత్తా, నీ బెత్తా?"

తాతబ్బాయి తన సన్నటి వేళ్ళు చూసుకున్నాడు. ఆమె చెయ్యి చూశాడు. కత్తిపీట గాట్లు పడిన బొద్దు వేళ్ళు, వెడల్పాటి అరచెయ్యి.

"నీదే" అన్నాడు.

కాశమ్మ నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి, చెయ్యి అడ్డంగా నీళ్ళలోకి దించింది. మొలకకు తగలకుండా దాని పైన ఆపి పట్టుకుని చూసింది. బొటనవేలి వైపు అరచెయ్యి కొంచెం పైకి తేలింది.

"సాలదు మరిదీ. ఒక వరస ఇటికెలు తీసెయ్యి."

తాతబ్బాయి చొక్కా చేతులు మడుచుకుని నీళ్ళలోకి దిగాడు. అప్పుడే మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఇద్దరిలో ఎవరూ లోపలికి వెళ్ళలేదు.